రెండు మార్కుల ప్రశ్న

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ ఏడాది పేపరు నాదే.

మేనేజరు గారు గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పారు. పదకొండేళ్ళుగా ఇంకొకళ్ళు తయారుచేసిన ప్రశ్నల్లో కామాలు సరిచేస్తూ కూర్చున్నదాన్ని. ఇప్పుడు కవిత భాగం, వాదన వ్యాసం భాగం రెండూ నా చేతిలో పెట్టారు. "ఇంగ్లీషు నేర్చుకుంటున్న పెద్దవాళ్ళు కవితని ఎంత పట్టుకుంటున్నారు, ఎవరైనా తమని ఒప్పించాలని చూస్తే ఆ మాటల్లో మర్మం ఎంత కనిపెడుతున్నారు, అదండీ మనం చూడాల్సింది" అని నాకు తెలియని సంగతిలా చెప్పారు. నేనూ తెలియనట్టే తలూపాను.

ఆ తర్వాత ఒక ఫారం ఇచ్చారు. మీ రక్తసంబంధీకులు ఎవరైనా ఈ విడత పరీక్ష రాస్తున్నారా. అవును, కాదు. కాదు దగ్గర టిక్కు పెట్టాను.

చెల్లి రాస్తోంది. మూడోసారి.

అవును అని పెడితే పేపరు చేయి మారుతుంది. మళ్ళీ కామాలు. పైగా దాని పేపరు దిద్దేది నేను కాదు. పరీక్షలో ఏముందో దానికి ఒక్క ముక్క చెప్పను. ఇంటిపేర్లు వేరు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనివల్ల ఎవరికి నష్టం అని ఆలోచించాను. ఎవరికీ లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దుటి నుంచి వంటింటి బల్ల దానిదే. పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు, చల్లారిపోయిన టీ. ఇరవై రెండేళ్ళు కాన్పుల నర్సుగా చేసిన మనిషి, బడిపిల్లలాగ నాలుక పంటికింద పెట్టుకుని రాస్తుంటే చూడ్డానికి నవ్వూ వస్తుంది, ఇంకోటీ వస్తుంది. ఈ దేశం వచ్చాక ఈ భాషా పరీక్ష గట్టెక్కితే గానీ నర్సుల రిజిస్టరులో పేరెక్కదు. అందాకా ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. పై అంతస్తులో కాన్పులు అవుతుంటాయి. కింద ఇది దుప్పట్లు లెక్కపెడుతుంటుంది.

అభ్యాసానికి ఇచ్చిన వ్యాసం ఎవరో పెద్దమనిషిది. పసిపిల్లల్ని మొదటి రోజు నుంచే వేరే గదిలో పడుకోబెట్టాలని వాదన. రచయిత మనల్ని ఒప్పించడానికి వాడిన రెండు పద్ధతులు రాయండి అని ప్రశ్న. చెల్లి రాసిన జవాబు: "ఈయన ఎప్పుడూ పసిపిల్లని ఎత్తుకోలేదు."

"అది పద్ధతి కాదే" అన్నాను.

"మరి అబద్ధమా?"

"అబద్ధమా నిజమా అని అడగలేదు. ఎలా చెప్పాడు అని అడిగారు."

"తప్పు చెప్తున్నవాడు ఎలా చెప్తే ఏం?"

దాని గోల దానిది. కాసేపాగి మెల్లగా, "నువ్వు పరీక్షల ఆఫీసులోనే కదక్కా, ఒక్క కవితైనా కూర్చుని చెప్పచ్చు కదా" అంది.

"మా సెక్షను బడిపిల్లల పరీక్షలు. పెద్దవాళ్ళవి నాకేం తెలీవు" అన్నాను.

ఈ మాట అది మొదటిసారి పరీక్ష రాసినప్పుడు చెప్పాను. నన్ను విసిగిస్తుందేమోనని చెప్పాను, అంతే. ఇప్పుడు అదే దానికి నిజమైపోయింది.

ఫిబ్రవరి 27, గురువారం

కవిత దొరక్క మూడు రోజులు తిరిగాను. ఒకటి మరీ తేలిక, ఒకటి నాకే అర్థం కాలేదు. చివరికి నా పాత నోట్‌బుక్‌లోంచి నాదే తీశాను. పేపరు తయారుచేసేవాళ్ళు సొంతంగా రాసుకోవచ్చని నిబంధనల్లో ఉంది. పేరు వెయ్యరు.

ఎనిమిది పంక్తులు. తండ్రి పోయిన వారానికి ఒకామె ఆయన చొక్కా ఉతికి తీగ మీద ఆరేస్తుంది. గాలికి చొక్కా చేతులు ఉబ్బుతాయి. ఆమె ఒక్కసారి చూసి, లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంటుంది. అంతే.

నాన్న చనిపోయిన వారంలో నేను మేడ మీద కిటికీలోంచి చూసింది చూసినట్టు రాశాను. చొక్కా ఉతికింది చెల్లి. నాకు తలనొప్పి, పైన పడుకున్నాను.

ఏడో ప్రశ్న: చివర ఆమె తలుపు ఎందుకు వేసుకుంది? రెండు వాక్యాల్లో రాయండి. రెండు మార్కులు.

దిద్దేవాళ్ళ కోసం నేను రాసిచ్చే జవాబు పత్రం సరిచూసే పెద్దాయనకి ఆఫీసంతా కలిసి స్పష్టంగారని పేరు పెట్టాం. నోరు తెరిస్తే 'స్పష్టంగా చెప్పాలంటే' అంటారు, తర్వాత ఆయన చెప్పేది ఎవరికీ బోధపడదు. ఇవాళ మాత్రం సూటిగానే అడిగారు.

"దుఃఖం భరించలేక అని రాశారు. స్పష్టంగా దుఃఖమేనంటారా? ఇంకేదైనా కావచ్చేమో?"

"దుఃఖమేనండీ."

"ఎలా చెప్పగలం?"

"చదివితే తెలుస్తుందండీ."

ఆయన ఇంకేం అనకుండా సంతకం పెట్టారు. నా కవితలో ఏముందో నాకంటే ఎవరికి తెలుస్తుంది?

మార్చి 15, శనివారం

చెల్లి పరీక్ష రాసి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే మాటలు మొదలు. కంచం చేతిలో పట్టుకుని నిలబడే తింది. ఈ రెండేళ్ళలో దాన్ని ఇంత తేలిగ్గా చూడలేదు.

"ఈసారి పాసవుతానక్కా. వాదన వ్యాసంలో పద్ధతులే రాశాను. ఒట్టు. రచయితని ఒక్క మాట తిట్టలేదు."

"మంచిపని చేశావు."

"కవిత అయితే నాకోసమే పెట్టినట్టుంది. ఆ పేపరు ఎవరు తయారుచేశారోగానీ వాళ్ళు చల్లగా ఉండాలి. చచ్చిపోయిన తండ్రి చొక్కా ఒకావిడ ఆరేస్తుంది. అచ్చం నేను నాన్నది ఆరేశానే, అలాగే. తీగ మీద చేతులు ఉబ్బడం కూడా. చదువుతుంటే పక్కనున్నావిడ నా మొహం చూస్తోంది, ఏమైందో అని."

నేను గిన్నెలు కడుగుతున్నాను. వెనక్కి తిరగలేదు.

"ప్రశ్నలు కష్టంగా ఉన్నాయా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఒకటి మాత్రం మరీ సుళువు. తలుపు ఎందుకు వేసుకుంది అని. లోపల ఇంకా పని ఉంది, చొక్కా దానంతట అదే ఆరుతుంది అని రాశాను. రెండు వాక్యాలు. ఒక్క తప్పు లేదు."

"ఏడుపు ఆగక వేసుకుందేమో."

"ఏడవాలంటే పెరట్లోనే ఏడ్చేది, అక్కడెవరున్నారు? నీకు గుర్తులేదా? అమ్మ మూడు రోజుల నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టకుండా కింద గదిలో పడుకుని ఉంది. గాలికి వణికిపోతోంది. అందుకు వేశాను తలుపు. వేసి, చెంచాతో నీళ్ళు తాగించాను. ఏడవడానికి తీరికెక్కడిది?"

అమ్మ పడుకుని ఉన్న సంగతి నాకు తెలుసు. తలుపు వేసింది అమ్మ కోసమని తెలియదు. నేను కిటికీలోంచి చూశాను. తలుపు వేశాక లోపల ఏం జరుగుతుందో మేడ మీద కిటికీలోంచి కనిపించదు.

కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

మార్చి 16, ఆదివారం

జవాబు పత్రంలో 'లేదా అదే అర్థం వచ్చే జవాబు' అని ఉంది. దిద్దేవాళ్ళు మనసున్నవాళ్ళయితే ఒక మార్కైనా వేస్తారు.

ఏప్రిల్ 8, మంగళవారం

యాభై తొమ్మిది. అరవై రావాలి.

కాగితం బల్ల మీద పరిచి ప్రశ్నకొక వేలు పెట్టి చూస్తోంది. వ్యాసం భాగంలో ఎప్పుడూ రానన్ని వచ్చాయి. ఏడో ప్రశ్న దగ్గర సున్నా.

"ఇది వాళ్ళు పొరపాటున వేసుంటారు" అంది. కోపంగా కాదు. వార్డులో ఎవరో చీటీ తప్పు రాస్తే సరిచెయ్యమని చెప్పే గొంతు.

మూడుసార్లు తప్పితే ఏడాది ఆగి గానీ మళ్ళీ రాయనివ్వరు. ఆసుపత్రిలో కాన్పుల వార్డు పెద్ద నర్సుకి ఇదంటే గురి. ఒక ఉద్యోగం నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా దీనికోసం ఆపి ఉంచింది. ఏడాది ఎవరు ఆపుతారు?

"మార్కులదేముందిలే" అన్నాను. ఎంత దిక్కుమాలిన మాట అది.

ఏప్రిల్ 9, బుధవారం

నేను లేచేసరికే పనికి వెళ్ళిపోయింది. కాగితం బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టి వెళ్ళింది.

ఏప్రిల్ 14, సోమవారం

మార్కులు మళ్ళీ చూడమని ఆఫీసుకి ఉత్తరం రాసుకోవచ్చట. దానికి ఎవరో చెప్పారు. నేను చెప్పలేదు. మూడు రోజులు పట్టింది దానికి. నిన్న సాయంత్రం నా ముందు పెట్టి, "తప్పులుంటే చెప్పు. మాటలు మాత్రం మార్చకు" అంది.

ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. మర్చిపోతానని కాదు.

"అయ్యా, నేను దయ చూపించమని అడగడం లేదు. ఆమె తలుపు ఎందుకు వేసుకుంది అని మీరు అడిగారు. ఆమె ఏడ్చిందని కవితలో లేదు. ఆమెకి పని ఉందని కూడా లేదు. రెండూ లేనప్పుడు ఒకదానికి రెండు మార్కులు, ఇంకోదానికి సున్నా ఎందుకు? నేను కాన్పుల నర్సుని. కొన్నిసార్లు బిడ్డ బతకదు. అప్పుడు నేను ఆ బిడ్డకి స్నానం చేయించి, గుడ్డలో చుట్టి, తల్లి చేతికిచ్చి, తలుపు వేసి, పక్క మంచం దగ్గరికి వెళ్తాను. పక్క మంచం మీద ఇంకో తల్లి నొప్పులు పడుతూ ఉంటుంది. మనుషులు తలుపులు ఎందుకు వేస్తారో నాకు తెలుసు. మీరు మళ్ళీ ఒకసారి చదవండి."

ఒక స్పెల్లింగు దిద్దాను. పదకొండేళ్ళుగా ఒప్పించే రాతలు చదువుతున్నాను. ఇలాంటిది ఒక్కటి చదవలేదు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఒప్పుకుంటారా?"

"చూద్దాం."

స్పష్టంగారి దగ్గరికి వెళ్ళి విషయం చెప్పెయ్యాలి. రేపు.

ఏప్రిల్ 15, మంగళవారం

స్పష్టంగారు సెలవు.

ఏప్రిల్ 17, గురువారం

ఆయన వచ్చారు. ఆఫీసంతా జనం. ఇలాంటివి నలుగురిలో చెప్పేవి కావు.

ఏప్రిల్ 24, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అర్జీలు చూసే కమిటీలో ముగ్గురం. మేనేజరు గారు, స్పష్టంగారు, పేపరు తయారుచేసిన మనిషిగా నేను. చిన్న గది, నీళ్ళ సీసా, మూడు గ్లాసులు. అర్జీల మీద పేర్లుండవు, నంబర్లే. మూడోది తీశారు. 'ఐ' అక్షరం మీద చుక్కకి బదులు చిన్న సున్న చుట్టి ఉంది. చెల్లికి చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

మేనేజరు గారు ఉత్తరం పైకి చదివారు. ఆ క్షణంలో నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు.

స్పష్టంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "స్పష్టంగా చెప్పాలంటే, ఈ జవాబు తప్పని నేను అనలేనండీ. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. ఈవిడకి రెండూ ఇవ్వచ్చు. కనీసం ఒకటి."

ఒకటి చాలు. అరవై.

మేనేజరు గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారు? పేపరు మీది."

ఇస్తే పాసవుతుంది. పాసైతే రిజిస్టరులో పేరు, ఎవరో ఒకరు ఇంటి చిరునామా చూస్తారు, ఇదీ నేనూ ఒకే గుమ్మం, అప్పుడు ఇవాళ నేను అన్న మాట బయటికి తీస్తారు. సొంత చెల్లెలికి మార్కులు వేయించుకుంది అంటారు. ఇవన్నీ ఒక్క గుక్కలో తోచాయి. ఇప్పుడు రాస్తుంటే ఇంత సేపు పడుతోంది.

"ఇవ్వకూడదండీ" అన్నాను.

అని ఊరుకోలేదు. ఊరుకుంటే స్పష్టంగారి మాట నెగ్గేది. నేను వాదించాను. పని అనే మాట కవితలో ఎక్కడా లేదన్నాను. సొంత జీవితంలోంచి తెచ్చి జవాబు రాస్తే అది చదవడం కాదన్నాను. ఉత్తరం మన జాలి మీద దెబ్బ కొడుతోంది, చనిపోయిన బిడ్డని తెచ్చి మధ్యలో పెట్టింది, మనం నేర్పేదే ఇలాంటివాటికి లొంగకూడదని కదా అన్నాను. దుఃఖం అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్న పదకొండు వందల మందికి ఏం సమాధానం చెప్తామన్నాను. నా గొంతు ఎక్కడా వణకలేదు.

స్పష్టంగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "మీరంత గట్టిగా చెప్తే ఇంక నేననేదేముంది."

మేనేజరు గారు బయటికి వచ్చేటప్పుడు, "బాగా చెప్పారండీ" అన్నారు.

ఏప్రిల్ 25, శుక్రవారం

నిర్ణయం తెలిపే ఉత్తరం నన్నే రాయమన్నారు. నంబరు వేసి రాసిచ్చాను. చిరునామా కింది అంతస్తులో పంపకాల సెక్షనువాళ్ళు వేసుకుంటారు.

మర్యాదగానే రాశాను.

ఏప్రిల్ 30, బుధవారం

ఉత్తరం మా ఇంటికే వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది?

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కవరు చింపి, చదివి, మళ్ళీ మడిచి, నాకోసం కూర్చుంది. "నాకు అర్థమైంది, కానీ ఈ ఇంగ్లీషు మెత్తగా ఉంది. మెత్తగా ఉన్నచోట నేను పొరపాటు పడతాను. నువ్వొకసారి చదివి చెప్పు" అంది.

నేను రాసిన ఉత్తరం నా చేతికిచ్చింది.

చదివాను. ఒక్కో వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పాను.

"మీ వాదనను సభ్యులు ఎంతో శ్రద్ధగా పరిశీలించారు."

"పరిశీలించారా?"

"పరిశీలించి ఉంటారు."

"మీ జవాబులో కవితకు సంబంధించిన ఆధారం కనిపించలేదు. మీ అనుభవాన్ని గౌరవిస్తూనే, మార్కులను మార్చలేకపోతున్నందుకు విచారిస్తున్నాము."

"అంటే కుదరదని."

"కుదరదని."

"విచారిస్తున్నాం అన్నారు కదా. నిజంగా విచారిస్తారా, ఊరికే రాస్తారా?"

"కొంతమంది నిజంగానే విచారిస్తారు" అన్నాను.

అది నా చేతిలోంచి కాగితం తీసుకుని మళ్ళీ చూసింది. "ఎవరు రాశారోగానీ మంచి మనిషే. కసురుకోలేదు" అంది. తర్వాత లేచి నాకు టీ పెట్టింది. తాగాను. కప్పు ఖాళీ చేశాను.

మే 1, గురువారం

ఆ ఉద్యోగం ఇంకొకావిడకి ఇచ్చేశారు. పెద్ద నర్సు లాండ్రీ దాకా దిగివచ్చి తనే చెప్పిందట.

మే 4, ఆదివారం

కొత్త నోట్‌బుక్ కొనుక్కొచ్చింది. అట్ట మీద వచ్చే ఏడాది పరీక్ష తేదీ రాసుకుంది. "ఏడాదే కదక్కా. ఈలోగా వంద కవితలు చదువుతాను. దుఃఖం అని రాయమంటే దుఃఖం అని రాస్తాను. నాదేం పోయింది" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూశాక నా వల్ల కాలేదు. దీనికి న్యాయం జరిగి తీరాలి. రేపో ఎల్లుండో మేనేజరు గారికి అంతా చెప్పేస్తాను. నా ఉద్యోగం పోతే పోతుంది, దాని మార్కులు దానికి వస్తాయి.

మే 6, మంగళవారం

చెప్పేశాను.

చెప్తున్నంతసేపూ ఎంత తేలిగ్గా అనిపించిందో. ఫారం, కవిత, కమిటీ, అన్నీ. చివర, "ఆ జవాబు సరైనదండీ. నాదే తప్పు. దానికి మార్కులు ఇవ్వండి" అన్నాను.

మేనేజరు గారు చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నారు. "మీరు చెప్పకుండా ఉంటే ఆవిడ ఒక మార్కుతో తప్పిన మనిషి మాత్రమే. ఏడాది ఆగి రాసుకునేది" అన్నారు. "పేపరు తయారుచేసినవాళ్ళ ఇంటిమనిషి పరీక్ష రాసిందని రికార్డులోకి ఎక్కితే మూడు విడతలూ రద్దు. మళ్ళీ ఎప్పుడూ రాయనివ్వరు. ఆవిడకి మీరు ముందే చెప్పలేదని నేనెలా నిరూపించను?"

"నేను చెప్తున్నాను కదండీ."

"మీ మాటకి ఇప్పుడు ఏం విలువుందండీ?" ఆయన కటువుగా అనలేదు. నిజంగానే అడిగారు.

"అయితే నేను చెప్పలేదనుకోండి" అన్నాను. ఆ మాట కూడా అన్నాను.

"విన్నాను కదండీ" అన్నారు.

నా బల్ల సొరుగు ఖాళీ చేసుకోమన్నారు. కారిడార్లో స్పష్టంగారు ఎదురుపడ్డారు. ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. నన్ను చూసి ఏదో అనబోయి, తన మామూలు మాట కూడా అనకుండా పక్కకి తప్పుకున్నారు.

మే 7, బుధవారం

దానికి చెప్పాను. రేపటికి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది. మధ్యలో ఆపలేదు, అంతా విన్నది. నేను ఏడ్చాను. అది ఏడవలేదు.

మూడు ప్రశ్నలు అడిగింది.

"ఆ కవిత నువ్వు రాసిందా?"

"అవును."

"నన్ను చూసి?"

"అవును."

"నేనిక ఎప్పటికీ రాయకూడదా?"

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. యూనిఫారం మడిచింది. మడతలు సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మడిచింది.

"నీకోసమే చెప్పానే మేనేజరు గారికి" అన్నాను.

"ఊఁ" అంది.

మే 8, గురువారం

గుమ్మం దగ్గర దాని చెప్పులు లేవు.

మే 11, ఆదివారం

లాండ్రీలో పనిచేసే ఒకావిడ గదిలో ఉంటోందట. ఫోను తియ్యదు. నా కోపం చల్లారాక వస్తుందిలే.

నా కోపం అని రాశాను. దాని కోపం.

మే 20, మంగళవారం

మిగతా బట్టలు తీసుకెళ్ళడానికి వచ్చింది. ముందే కబురు పెట్టింది, ఫలానా టైముకి వస్తానని. పరాయివాళ్ళింటికి వచ్చినట్టు గంట కొట్టింది.

నేను ఇల్లంతా సర్దిపెట్టాను. మాటలు కూడా సర్దిపెట్టుకున్నాను, రెండు వారాల నుంచీ. అది సంచిలో బట్టలు పెట్టుకుంటుంటే ఒక్కొక్కటీ చెప్పాను. భయపడ్డానని, పదకొండేళ్ళ తర్వాత ఒక్క అవకాశం వచ్చిందని, ఆ గదిలో బుర్ర పనిచెయ్యలేదని. ఆఫీసుకి మళ్ళీ రాశానని కూడా చెప్పాను. స్పష్టంగారు కూడా దాని తరఫున రాశారు. జవాబు రాలేదు.

అది సంచి జిప్పు లాగి మంచం మీద కూర్చుంది. అలసిపోయి ఉంది. దుప్పట్ల సబ్బుకి వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి.

"నువ్వు నాకు సున్నా వేసినందుకు కాదక్కా" అంది. "నీకు పైనుంచి అలా కనిపించింది, అలా రాసుకున్నావు. కమిటీలో భయపడ్డావు, అదీ సరే. మనిషన్నాక భయపడతాం. నేనూ భయపడి అబద్ధాలు చెప్పిన రోజులున్నాయి."

"మరి?"

"ఆ ఉత్తరం నాకు చదివి వినిపించావు చూడు. నేను పక్కన కూర్చుని, ఇది నిజమా ఊరికే రాశారా అని నిన్నే అడిగాను. నువ్వు అర్థం చెప్పావు. ఒక్కో వాక్యం. టీ కూడా తాగావు."

మంచం కింద పడిన దాని దువ్వెన తీసి సంచి మీద పెట్టాను.

"అది నాకు మింగుడుపడటం లేదు" అంది. సంచి భుజాన వేసుకుంది. నేను తీసుకొస్తాను మెట్ల దాకా అంటే వద్దంది.

మే 21, బుధవారం

టీ కూడా తాగావు అంది.

మే 29, గురువారం

ఏం లేదు.

జూన్ 12, గురువారం

పొద్దున్న ఆసుపత్రి వైపు వెళ్ళే బస్సెక్కాను. నాకు ఆ వైపు పనేం లేదు. అసలు ఏ వైపూ లేదు. ఆ బస్సు ఖాళీగా ఉంటుందని ఎక్కాను.

ఖాళీగా లేదు. నిండుగా ఉంది. చెల్లి మధ్యలో కిటికీ పక్కన కూర్చుని ఉంది, నీలం యూనిఫారంలో. పక్క సీట్లో దాని సంచి. నన్ను చూసింది. మొహం తిప్పుకోలేదు. నవ్వలేదు. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. బస్సు మలుపు తిరిగినప్పుడు తూలిపడబోయాను.

సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కూర్చున్నాను. భుజాలు తగులుతున్నాయి. సబ్బు వాసన వస్తోంది. అది కిటికీలోంచి చూస్తోంది. ఎదుటి సీట్లో ఒక నిండు గర్భిణి నడుము మీద చెయ్యి వేసుకుని ఇబ్బందిగా కదులుతోంది. చెల్లి ఆమెని కాసేపు చూసి, ముందుకి వంగి, "ఆ సంచి వీపు వెనక పెట్టుకో అమ్మా, ఒక పక్కకి వాలి కూర్చో" అంది. తప్పుల్లేని ఇంగ్లీషు. ఆమె అలాగే కూర్చుని, ఊపిరి తీసుకుని, "నర్సా మీరు?" అని అడిగింది.

"కాదు" అంది చెల్లి. "లాండ్రీ."

ఆసుపత్రి వచ్చింది. లేచింది. నేను కాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చాను. "దిగుతాను" అంది. ఒక్క మాటే. బస్సులో ఎవరు పక్కనున్నా ఆ మాట అంటారు. సంచి కూడా ఎవరు వచ్చినా తీసేదే. ఆ సంగతి నాకు తెలుసు.

ఆఖరి స్టాపు దాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వచ్చాను. పొద్దున్న ఆ బస్సు వచ్చిన టైము రాసిపెట్టుకున్నాను. ఏడూ పది.